పెత్రమాస నాడు మా స్వరూప పేరు

మా చిన్నప్పుడు... పెత్రమాస, అదే పెద్దల అమాస వచ్చిందంటే తెల్లారకముందే మా చెల్లెలు స్వరూప నన్ను కాలితో తన్ని లేపేది. ఖిలా వరంగల్‌లో మా ఇంటి వెనకే మట్టికోట. ఆ గట్టు మీద తంగేడు, గునుగు... ఎవరు ముందు పోతే వాళ్లవే పూలు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు కదా మరి.

దానికొక పిచ్చి ఉండేది. బతుకమ్మ పాటల్లో మాటిమాటికీ వచ్చే 'ఉయ్యాలో' ఉంది చూడండి... దాన్ని ఏడాదంతా తన మాటలకు తగిలించేది. "అన్నం పెట్టు ఉయ్యాలో... కూరల ఉప్పెక్కువైంది ఉయ్యాలో..." బడిలో పంతులమ్మ ఎక్కాలు అడిగితే అక్కడా అదే వరస. దెబ్బలు తిని ఇంటికొచ్చి, ఆ సంగతి కూడా ఉయ్యాలో పెట్టే చెప్పింది. బాపు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

దానికి ఏడేళ్లప్పుడు, ఒక వానాకాలం జ్వరం పట్టుకుంది. తర్వాత కాళ్ల మీద, పొట్ట మీద ఎర్రటి చుక్కలు తేలాయి. మా ఇంట్లో పెత్తనమంతా బాపు వాళ్ల అక్కది, మా పెద్దత్తది. చిన్నతనంలోనే తల్లి పోతే బాపును సాకింది ఆమే. ఆమె మాటకు ఎదురు లేదు. చుక్కలు చూసి చెంపలేసుకుంది. 'తల్లి' వచ్చిందని తేల్చేసింది. ఆటలమ్మను మా దగ్గర అట్లాగే అంటారు.

ఇక తెలిసిందే కదా... గుమ్మానికి వేపమండలు. ఇంట్లో పోపు బంద్. తల్లి ఇంట్లో ఉండగా మందు అన్న మాటే ఎత్తకూడదు. బడి తప్పిందని స్వరూప సంబరపడింది. కానీ పిల్ల రోజురోజుకూ తెల్లగా పాలిపోతోంది. చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. దవాఖానకు తీసుకుపోదామని అమ్మ నోరు తెరిస్తే పెద్దత్త ఇంతెత్తున లేచింది.

"తల్లి ఇంట్ల ఉండంగ సూది ఏపిస్తవా? పోరి కండ్లు పోతయ్. అప్పుడు ఎవలు జవాబు చెప్తరు?"

బాపు పోయి గుమ్మానికి ఇంకో వేపమండ కట్టాడు.

ముక్కు నుంచి రక్తం ఆగకుండా కారినప్పుడు గానీ హనుమకొండకు ఆటో ఎక్కలేదు. అక్కడి డాక్టరు ఆ చుక్కలు చూస్తూనే, ఇన్ని రోజులు ఏం చేశారని అరిచాడు. చర్మం లోపల రక్తం చిమ్మితే వచ్చే చుక్కలట అవి. బ్లడ్ క్యాన్సర్. హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపాడు.

అక్కడ ఏడాది. జడ పోయింది, బుగ్గలు పోయాయి. ఉయ్యాలో మాత్రం పోలేదు. సూది పట్టుకుని వచ్చే సిస్టర్లతో "ఇయ్యాల వద్దు ఉయ్యాలో... రేపు పొడువు ఉయ్యాలో" అనేదట. ఒకరోజు ఉయ్యాలో లేకుండా, ఉత్తగా, "అమ్మా, ఇంటికి పోదాం" అన్నదట. అమ్మకు అప్పుడే అర్థమైపోయిందట.

ఇంటికి తెచ్చాం. బతుకమ్మ పండుగ వరకు ఉండలేదు.

ముందే తెచ్చి ఉన్నా ఏమయ్యేదో చెప్పలేమని హైదరాబాద్ డాక్టరు అన్నాడట. బాపు ఆ ఒక్క మాట పట్టుకుని బతికాడు. నాకు మాత్రం ఆ మాటతో ఎన్నడూ ఊరట దొరకలేదు.

వచ్చినవాళ్లంతా రుణం తీరింది, పోయింది అన్నారు. ఏం రుణమండీ? ఎనిమిదేళ్ల పిల్లకు ఎవరితో ఏం రుణం? ఉన్న ఒక్క ఫోటోను పెద్దత్త సందుగలో అడుగున పెట్టేసింది. అమ్మ ఏడుస్తుంది, దాని పేరు కూడా ఎత్తొద్దంది. మేమెవరం ఎత్తలేదు.

పెత్రమాస పొద్దున చేటలో బియ్యం, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇస్తాం. ఆయన ఇంట్లో పోయిన పెద్దల పేర్లు చదువుతారు. తాత, నాయనమ్మ... చివర్లో "ఇంకెవలన్న ఉన్నరా?" అని అడుగుతారు. "అంతే అయ్యగారూ" అంటాడు బాపు. ఏటా అంతే. చిన్నపిల్లలు పెద్దల్లో కలవరట.

కొన్నేళ్లకు పెద్దత్త కూడా పోయింది. ఆ పెత్రమాసకు ఆమె పేరు చేరింది. కొత్త చీర కూడా పెట్టారు. ఆ చీర చూస్తుంటే నా కడుపు మండిపోయింది. చచ్చినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దంటారు... నాకు ఉంది. దాచుకోను.

మొన్న పెత్రమాసకు పుట్టింటికి పోయాను. అయ్యగారు పేర్లన్నీ చదివి, ఎప్పటిలాగే ఇంకెవరున్నారని అడిగారు. బాపు నోరు తెరవకముందే వంటింటి గుమ్మంలోంచి అమ్మ అంది.

"స్వరూప."

ఆ ఇంట్లో ఆ పేరు విని ఎన్నేళ్లయిందో. అయ్యగారికి పాత సంగతి తెలుసు. చిన్నపిల్లల పేర్లు చదవరమ్మా, పెద్దలల్ల కలువరు కదా అన్నారు మెల్లగా.

"పెద్దగ కానిస్తె గద అయ్యగారూ" అంది అమ్మ.

బాపు తల ఎత్తలేదు. అయ్యగారు ఆ పేరు చదవనూ లేదు. ఇంకా ఇళ్లు తిరగాలంటూ లేచారు. ఆయన చేట అందుకోబోతుంటే అమ్మ వచ్చి అందులోంచి పిడికెడు బియ్యం తీసి కొంగులో పోసుకుంది.

సాయంత్రం ఆ బియ్యం పిండి పట్టి, నువ్వులు, బెల్లం కలిపింది. బతుకమ్మ ఆడొచ్చిన పిల్లలందరి చేతుల్లో పెట్టింది. ఒక్కొక్కరికీ, మా స్వరూప పేరు మీద తిను బిడ్డా అని చెప్పి మరీ. పక్కింటి చిన్నది మూతికంతా పిండి పూసుకుని, "స్వరూపక్క ఆడనీకి రాలేదా అమ్మమ్మా?" అని అడిగింది.

అమ్మ దాని మూతి కొంగుతో తుడిచింది.

"రాలేదు బిడ్డా... రానియ్యలేదు."

ఇప్పుడు తంగేడు పూలు బజారులో కొంటున్నాం. ఇప్పుడు మా గల్లీలో ఏ పిల్లకు జ్వరం వచ్చినా రెండో రోజే రక్తపరీక్షకు పోతారు. మంచిదే... ఆ మంచి మా ఇంటికి ఆలస్యంగా వచ్చింది, అంతే.

మీ ఇళ్లల్లో కూడా ఉండే ఉంటారు, పేరెత్తని పిల్లలు. కింద కామెంట్లలో వాళ్ల పేరు రాయండి. ఎట్లా పోయారో చెప్పొద్దు, ఓదార్పులు వద్దు... పేరు చాలు. అయ్యగారు చదవకపోతే మనమే చదువుకుందాం.

ముందు నేను రాస్తున్నాను... స్వరూప.