తలుపులు మూసుకుంటున్నాయట

వన్-నార్త్ పేటలో మా ఆఫీసు కింద ఒక కిండర్‌గార్టెన్ ఉంది. దాని తలుపు తీస్తే చాలు, పిల్లలు ఆడుకునే రంగుల క్లే వాసన వస్తుంది. ఆ వాసన తగిలిందంటే నేను మళ్ళీ చిన్నప్పటి మా ఫ్రెంచి బడిలో ఉంటాను.

అక్కడ మా మేడమ్‌ది ఒకటే పట్టు. ఇంగ్లీషులో మంచినీళ్ళడిగితే, పాపం ఏమీ అర్థం కానట్టు చూసేది. ఫ్రెంచిలో అడగ్గానే గ్లాసు చేతికొచ్చేది. సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్‌కొస్తే అమ్మమ్మదీ అదే వరస. "నాకు ఇంగ్లీషు రాదే తల్లీ, తెలుగులో చెప్పు" అనేది. ఇద్దరి మీదా నాకు తెగ జాలి. పక్కింటి ఆంటీ ఏమన్నా, ట్రైన్‌లో ఇంగ్లీషు గొంతు ఏం ప్రకటించినా అమ్మమ్మకు తెలుగులో చెప్పడం నా ఉద్యోగం.

ఒకరోజు క్లాసులో మరిచిపోయిన టోపీ తెచ్చుకుని వచ్చేసరికి, బడి గేటు దగ్గర మేడమూ, నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన అమ్మమ్మా గలగలా ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. నా దగ్గర విని విని నేర్చేసుకున్నారనుకున్నాను. ఇక నాతో వీళ్ళకేం పని అని ఏడుపొచ్చింది. నన్ను చూడగానే మేడమ్ ఫ్రెంచిలో ఏదో అంది.

"ఏమంటోందే ఆవిడ?" అంది అమ్మమ్మ.

"రేపు కలుద్దామంటోంది."

నా ఉద్యోగం నాకు దక్కింది.

అమ్మమ్మ తెనాలిలో ఇంగ్లీషు టీచరుగా రిటైరయిందని, ఆవిడ పోయాక అమ్మ చెబితే తెలిసింది.

ఇప్పటికీ ట్రైన్‌లో ఆ ఇంగ్లీషు గొంతు వినపడగానే లోపల అనుకుంటాను: "అమ్మమ్మా, తలుపులు మూసుకుంటున్నాయట. నా పక్కకు జరుగు."