గేదె తిన్న గోడ

చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. చదువుకున్నవాళ్ళే చెబుతారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అంత సన్నటి గోడ కనిపిస్తే, దానికంటే వెడల్పయిన మన కృష్ణ కనిపించొద్దూ? ఒకే చక్రవర్తి ఒక్క ఊపున కట్టించాడనేది ఇంకో అబద్ధం. చిన్న రాజ్యాలు ఎవరి గోడ వాళ్ళు కట్టుకున్నాయి. మొదటి చక్రవర్తి ఉత్తరాన ఉన్నవాటిని కలిపించాడు. హాన్ రాజులు ఎడారిలోకి పొడిగించారు. బొమ్మల్లో మనం చూసే ఇటుక గోడ ఎంతో తరవాతి మింగ్ కాలానిది. అంతకు ముందువి చాలావరకు మట్టివే. చెక్కల మధ్య మట్టి పోసి, పొర మీద పొర దిమ్మిసతో కొట్టినవి.

అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తెనాలిలో బియ్యం మిల్లులో పనిచేస్తూ, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని ఇదంతా చదివాను. పరీక్షలు రాయలేదు గనక చదివింది మరిచిపోవలసిన అవసరం రాలేదు.

మిల్లు మానేశాక బాపట్ల శివారులో స్థిరపడ్డాం. ఇసుక నేల. అందులోనే మా ఆవిడ తోటకూర, బచ్చలి పెంచింది. పక్కింటావిడకి ఒక గేదె ఉంది, మాకు పాలు దానివే. రెండిళ్ళకీ మధ్య తాటాకు దడి. గేదె దాన్ని కొమ్ముతో నెట్టుకుని వచ్చి మడి మొత్తం మేసిపోయేది.

"నేను నీళ్ళు పోసి పెంచేది నీ గేదె కోసమా?" అంది ఒకనాడు మా ఆవిడ.

"మూగజీవం వదినా, దానికేం తెలుసు?"

"దానికి తెలీదు సరే, కట్టేసుకోవాలని నీకూ తెలీదా?"

అంతే, మాటలు ఆగిపోయాయి. పాలు కూడా ఆగిపోయాయి. ప్యాకెట్ పాల టీ తాగలేక నేను గోడకి పూనుకున్నాను.

మేస్త్రీ సిమెంటు ఇటుకలన్నాడు. నేను మట్టి అన్నాను. మంచి మట్టి దొరకని ఎడారిలో హాన్ వాళ్ళు గులకరాళ్ళ పొరల మధ్య రెల్లు పరిచి గోడ లేపారు. కొన్నిచోట్ల అది నేటికీ నిలబడి ఉంది. పైగా ఆ గోడ మనిషిని ఆపడానికి కాదు. మనిషి నిచ్చెన వేసుకుంటాడు, గుర్రం వేసుకోలేదు. మా శత్రువుదీ అదే ఇబ్బంది.

పిట్టలవానిపాలెం వైపు నుంచి బంకమట్టి తెప్పించి ఇసుకలో కలిపాను. రెల్లు బదులు ఎండుగడ్డి పరిచాను. మా డెల్టాలో ఏ పనికైనా చెయ్యి ముందు వరిగడ్డి మీదకే పోతుంది. గోడ గుండెలెత్తు లేచింది. పైన వానకి తాటాకు కప్పాను. రెండు పక్కలా గడ్డి కొసలు గడ్డంలా వేలాడుతుంటే ముచ్చటగా ఉందనుకున్నాను.

ఒక పొద్దున మా ఆవిడ కేక పెట్టింది. "ఏవండీ! గోడని తినేస్తోందండీ!"

వెళ్ళి చూద్దును కదా, గేదె అటు నుంచి గడ్డిని నాలుకతో లాగి, తాపీగా నములుతోంది. నా కళ్ళముందే ఒక పొర ఊడి పడింది. చైనా గోడని ఎగబాకినవాళ్ళున్నారు, చుట్టు తిరిగి వచ్చినవాళ్ళున్నారు. మేసినవాళ్ళని మాత్రం నేను చదవలేదు.

"అన్నయ్యగారూ, మా గేదెకి మేత వేసే పని తప్పించారండీ!" అంది పక్కింటావిడ.

మా ఆవిడ తిట్టిపోస్తుందనుకున్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూలబడి నవ్వింది. "ఎన్ని పుస్తకాలు చదివారో! గేదె గడ్డి తింటుందని ఒక్కదాంట్లోనూ లేదా?"

"చరిత్రని వెక్కిరించొద్దు," అన్నాను. ఇద్దరూ ఇంకా ఎక్కువ నవ్వారు.

రెండోసారి మురుగుకాలవ గట్టు నుంచి రెల్లులాంటి ఎండు జమ్ము తెచ్చి పరిచి, కొసలు కత్తిరించాను. మోపులు మోసింది పక్కింటావిడే. గేదె వాసన చూసి, బుస్సుమని తల తిప్పుకుంది.

పైపొర కొడుతుంటే మా ఆవిడ వచ్చింది. "ఇక్కడ కాస్త కిందికి దించండి."

"సందు పెడితే అది గోడ ఎలా అవుతుంది?"

"మరి వదిన పాలచెంబు ఎటు నుంచి అందిస్తుంది?"

నా దిమ్మిస ఆగిపోయింది. నిజమే. చైనా గోడ వెంట సరిహద్దు కోటల దగ్గర సంతలు జరిగేవి. అటు నుంచి గుర్రాలు, ఇటు నుంచి పట్టు, తేయాకు. సంత సాగినన్నాళ్ళూ కత్తులకి పని తక్కువ. అదే చెప్పాను.

"తెలిసీ మూసేస్తున్నారా?" అంది.

దించాను. ఇప్పుడు రోజూ అటు నుంచి చెంబు వస్తుంది, ఇటు నుంచి బచ్చలి వెళుతుంది. మధ్యమధ్య గేదె ఆ వంపు మీద గడ్డం ఆనించి తోటకూరను చూస్తుంది. నాలుక అంతదాకా రాదు. అరుగు మీద దాని పాల టీ తాగుతూ నేను దాన్ని చూస్తుంటాను.