గుట్ట అవతలి ఇరవైమూడు ఇళ్ళు

మా అపార్టుమెంటు పక్కన ఖాళీ స్థలంలో పునాదుల కోసం బండ తొలుస్తున్నారు. మిషను వేడెక్కకుండా నీళ్ళు పోస్తుంటే, తడిసిన రాతిపొడి వాసన నాలుగో అంతస్తుదాకా వస్తోంది. ఈ కొండాపూర్‌లో అందరూ ఆ దుమ్ముకూ మోతకూ కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్తాను. అది మా నాన్న చొక్కా వాసన. ఆ వాసన వెనకే సుభద్ర టీచర్ గుర్తొస్తారు. ఆవిడను చూసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇప్పుడు పదిమంది కూడా ఉండరు. అందుకే రాస్తున్నాను.

కొండాపూర్‌కూ హఫీజ్‌పేట్‌కూ నడుమ మా ఊరు గుండ్లగూడ ఉండేది. అరవై గడపలు, రెండు మంచినీళ్ళ బావులు, జొన్నచేలు, ఎటు చూసినా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు. బస్సు లేదు. పాలక్యాన్లు కట్టిన సైకిళ్ళు పొద్దున్నే పట్నం పోయేవి. సీతాఫలాల కాలంలో ఆడవాళ్ళు గంపలెత్తుకుని హఫీజ్‌పేట్ స్టేషనుకు నడిచి రైలెక్కేవాళ్ళు. ఊరంటే అదే. మేము గుట్ట అవతల ఉండేవాళ్ళం. రాళ్ళు కొట్టి బతికేవాళ్ళ గుడిసెలు ఇరవైమూడు. మా నాన్న ఎల్లయ్య అక్కడికి వచ్చేనాటికి నేను పుట్టలేదు. నేనూ నా తమ్ముళ్ళూ పుట్టింది అక్కడే. అయినా ఊళ్ళోకి వెళ్తే మమ్మల్ని "గుట్టోళ్ళు" అనేవాళ్ళు.

అరవైలు ముగుస్తున్న రోజుల్లో సుభద్ర టీచర్ తెనాలి వైపు నుంచి మా ఊరి ఒంటి ఉపాధ్యాయ బడికి వచ్చారు. ముప్పై ఏళ్ళుండవచ్చు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కోపం ముక్కు మీదే ఉండేది. తేళ్ళంటే ఎంత భయమంటే, చెప్పులు రెండూ ఒకదానితో ఒకటి కొట్టి దులిపితే తప్ప కాలు పెట్టేవారు కాదు. ఊరి సర్పంచ్ పటేల్ తన ఇంటి వెనక గది ఆవిడకిచ్చాడు. కిరాయి కూడా వద్దన్నాడు. ఆయన చెడ్డవాడని నేను చెప్పలేను.

వచ్చిన పదిహేను రోజులకు ఆవిడ గుట్ట దాటి మా గుడిసెల దగ్గరికి వచ్చారు. నాన్న సమ్మెటతో బండ పగలగొడుతున్నాడు.

"ఏమండీ, మీ పిల్లలు బడికి రావడం లేదేమండీ?" అన్నారు.

నాన్న వెనక్కి తిరిగి చూశాడు. ఆ పిలుపు తనకు కాదనుకున్నాడు. వెనక ఎవరూ లేరు.

"నన్నా టీచరమ్మా? మా పిల్లలకు బడి ఏంది? రాయి ఉన్నన్నినాళ్ళు ఈడుంటం, ఇగ మల్ల యాడికో పోతం."

"ఎన్నాళ్ళయింది వచ్చి?"

నాన్న వేళ్ళు లెక్కపెట్టి, "పద్నాలుగేండ్లు" అన్నాడు. చెప్పాక తనకే నవ్వొచ్చింది. ఆ మర్నాడు నన్ను బడికి పంపాడు. అప్పటికి నేను తొమ్మిదేళ్ళ పిల్లను.

రెండేళ్ళ తర్వాత, బళ్ళ బాగోగులు చూసే సమితి ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి ఊరి టీచరూ ఆ ఊరి పరిచయం రాసి పంపాలి. ఎన్ని ఇళ్ళు, ఏయే పనులు, ఏయే పంటలు. వేరే ఊళ్ళలో టీచర్లు కూర్చున్నచోటే ఒక పేజీ నింపి పంపేశారట. సుభద్ర టీచర్ మాత్రం పిల్లలందరినీ వెంటబెట్టుకుని వాడవాడా తిరిగారు. బావి లోతు తాడుతో కొలిపించారు. కుమ్మరాయన చెప్పిన మాట చెప్పినట్టు రాయించారు. ఎవరి వాడ పేజీ ఆ వాడ పిల్లలే రాయాలన్నారు. గుట్ట అవతలి పేజీ నాకు వచ్చింది.

మా గుడిసె దగ్గర అమ్మ, "ఎల్లయ్య పెండ్లామని రాయి" అంది. నేను రాయబోతుంటే టీచర్ నా చేయి పట్టుకుని ఆపారు.

"మీ పేరేంటమ్మా?"

అమ్మ తలదించుకుంది. కాలి బొటనవేలితో రాతిపొడిని అటూ ఇటూ జరిపింది. టీచర్ ఇంకోసారి అడగలేదు, కదలనూ లేదు. ఎంతోసేపటికి అమ్మ "నర్సమ్మ" అంది. అమ్మ పేరు నర్సమ్మ అని నాకు తెలిసింది ఆవేళే.

ఆ రాతప్రతి పంపేముందు సర్పంచ్‌కు చూపించాలి. పటేల్ అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పుతూ మా పేజీ దగ్గర ఆగాడు.

"గుట్టోళ్ళను ఎందుకు రాసినవ్ టీచరమ్మా? వాళ్ళు ఊరోళ్ళు కారు. ఆ పేజీ తీసెయ్."

"వాళ్ళ పిల్లలు ఇక్కడే పుట్టారు కదండీ."

పటేల్ గొంతు పెంచాడు. "నువ్వొచ్చి మూడేండ్లు కాలే. ఊరోళ్ళు ఎవరో నువ్వు నాకు చెప్తవా?"

ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని పట్నంలో ఊరేగింపులు జరిగి ఎన్నాళ్ళో కాలేదు. ఆ మాటలో ఏముందో పిల్లలమైన మాకూ తెలిసింది. టీచర్ మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెరగలేదు.

"నిన్న వచ్చినదాన్ని కాబట్టే ప్రతి ఇంటికీ వెళ్ళి అడిగి తెలుసుకున్నానండీ. తెలిశాక తీసెయ్యలేను."

పేజీ అలాగే వెళ్ళింది. ఆ పై వేసవికి ఆవిడకు వికారాబాద్ అవతలికి బదిలీ వచ్చింది. పటేలే చేయించాడని అందరూ అనుకున్నారు. నిజమేమిటో నాకు తెలియదు. వెళ్ళే రోజు నాన్న ఆవిడ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషనుదాకా వచ్చాడు. నేను ఏడుస్తుంటే టీచర్ నా చెవి మెలిపెట్టారు, గట్టిగానే.

"బడి మానావంటే నా మీద కోపంతో మానినట్టే. గుర్తుపెట్టుకో."

నేను మానలేదు. తొమ్మిదో తరగతి చదువుతుండగా ప్రభుత్వం మా గుట్ట చుట్టూ ఉన్న భూమి తీసుకుంటుందని కబురొచ్చింది. ఇల్లు పోయేవాళ్ళకు హఫీజ్‌పేట్ దగ్గర జాగాలిస్తారట. జాబితా రాయడానికి ఆఫీసరు వచ్చి ఊరి కాగితాలు చూశాడు. వాటిల్లో మా గుడిసెల్లో ఒక్కటీ లేదు. నెలరోజుల్లో ఖాళీ చేయాలన్నారు. నాన్న మూడు రోజులు పనికి పోలేదు, సరిగా తినలేదు. "మనం ఈడ లేనట్టేనా బిడ్డా?" అని ఒక్కమాట అడిగాడు. అప్పుడు నాకు ఆ పేజీ జ్ఞాపకమొచ్చింది.

నాన్నా నేనూ రైలెక్కి టీచర్‌ను వెతుక్కుంటూ వెళ్ళాం. బడి గుమ్మంలో మమ్మల్ని చూసి ఆవిడ ముందు నన్ను తేరిపార చూశారు. "ఎన్నో తరగతి?" అని అడిగారు. చెప్పాక లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చారు. నాన్న సంగతంతా చెప్పాడు. మర్నాడే సెలవు పెట్టి మాతో వచ్చారు.

సమితి ఆఫీసులో గుమాస్తా అలాంటిదేమీ లేదన్నాడు. టీచర్ బల్ల మీద కూర్చుని, "ఉంటుందండీ, చూడండి" అని ఊరుకున్నారు. మధ్యాహ్నందాకా కాగితాల మూటలు ఒక్కొక్కటే విప్పించారు. చివరకు దొరికింది. అంచులు చెదలు తిన్నాయి కాని అక్షరాలు మిగిలాయి.

దాన్ని భూమి ఆఫీసరు ముందు పెట్టాం. ఆయన నొసలు చిట్లించాడు. "ఇది పిల్లల రాత. దీన్నెట్ల నమ్మాలె?"

"పిల్లల రాతేనండీ. కింద నా సంతకం ఉంది, అందినట్టు సమితి వాళ్ళ ముద్ర ఉంది. భూమి మాట పుట్టకముందు రాసిన కాగితం. అప్పుడు అబద్ధం రాయాల్సిన అవసరం ఎవరికుందండీ?"

ఆయన ఆ ముద్ర మీద వేలు పెట్టి చూశాడు. "ఎవరు రాసిండ్రు?" అన్నాడు చివరికి.

"నేనే సార్" అన్నాను.

"చదువు."

నిలబడి చదివాను. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, భార్య పేరు, భర్త పేరు, పిల్లలెందరు. పక్కనున్న గుమాస్తా కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. "నర్సమ్మ" అని చదివినప్పుడు, తలుపు దగ్గర నిలబడ్డ నాన్న తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఇరవైమూడూ చదివేదాకా ఎవరూ నన్ను ఆపలేదు.

విచారణకు మనుషులొచ్చారు, రెండు నెలలు గడిచాయి. పంతొమ్మిది కుటుంబాలకు జాగాలొచ్చాయి. మిగిలిన నాలుగు కుటుంబాలు ఖాళీ చేయమన్న మాటకే భయపడి, మేము కాగితం తెచ్చేలోపే ఎటో వెళ్ళిపోయాయి. ఎంత వెతికినా దొరకలేదు. ఆ సంగతి రాస్తే టీచర్ జవాబులో మెచ్చుకోలు ఒక్క ముక్క లేదు. "ఆ నాలుగు ఇళ్ళవాళ్ళ కబురు తెలిస్తే వెంటనే రాయి" అని ఉంది, అంతే. నాకు టీచరు ఉద్యోగం వచ్చిందని రాసినప్పుడూ అదే అడిగారు. రిటైరై కూకట్‌పల్లిలో చెల్లెలి ఇంట్లో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్తే, మనుషుల్ని సరిగా పోల్చుకోలేని ఆ స్థితిలోనూ, "నాలుగిళ్ళు తక్కువ కదే" అన్నారు. ఆవిడ నోట నేను విన్న ఆఖరి మాటలు అవే.

నేను ముప్పై రెండేళ్ళు ఊళ్ళ బళ్ళలో పనిచేశాను. ఆవిడంత బాగా చెప్పానో లేదో పిల్లలే చెప్పాలి. ఏ ఊరికి బదిలీ అయినా, చేరిన మొదటివారం సాయంత్రాలు నడిచేదాన్ని. ఇళ్ళు అయిపోయాయనిపించిన చోట ఆగి, "ఇదేనా ఆఖరి ఇల్లు?" అని అడిగేదాన్ని. ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు, చేలకవతలికో కట్ట కిందికో చేయి చూపించి, "ఇంక అటు కొందరున్నరు గానీ..." అని నసిగేవాళ్ళు. నేను అటు నడిచేదాన్ని.