నిద్రపోయాకే సంతకం

మా డ్యూటీ డాక్టర్లందరికీ రిటర్నులు వేసిపెట్టే సైనిక్‌పురి ట్యాక్స్ అంకుల్ ముందుగా కాగితాలు అడిగేవారు కాదు. "పండుకున్నవా బిడ్డా?" అనేవారు. లేదని చెబితే వరండాలోని పడకకుర్చీ చూపించేవారు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లని ఏ కాగితం మీదా సంతకం పెట్టనిచ్చేవారు కాదు.

ఆ మార్చి ఆఖరి రోజు నేను నైట్ డ్యూటీ నుంచే ఇన్సూరెన్స్ పాలసీ కాగితాలు పట్టుకుని వెళ్లాను. కడితే ట్యాక్స్ తప్పుతుందని ఏజెంట్ చెప్పాడు. పీజీ కోచింగ్‌కి దాచుకున్నదంతా అందులో పెట్టబోతున్నాను.

"అంకుల్, ఇవాళే లాస్ట్ డేట్! ఏజెంట్ ఫోన్ మీద ఫోన్ చేస్తుండు," అని అరిచాను.

"సాయంత్రం దాకా టైముంది. నీ కోపం సుత నిద్ర లేకనే. జెర పండుకో."

ఫోన్ చేతిలో పట్టుకునే కుర్చీలో వాలాను. వేపపూల వాసన, ఎక్కడో కుక్కర్ విజిల్, చెంప మీద చల్లటి గాలి. వార్డులో మంచాలన్నీ నీళ్ల మీద మెల్లగా తేలిపోతున్నట్టు కల.

కళ్లు తెరిచేసరికి ఎండ వాలింది. కరెంటు లేదు. అంకుల్ పక్కన స్టూలు మీద కూర్చుని నాకు విసురుతున్నారు, ఆ పాలసీ కాగితాలతోనే.

"ఇప్పుడు చదువు. ఎన్నేండ్లు కట్టాలె?"

చదివాను. పదిహేనేళ్లు. నేను ఐదే అనుకున్నాను.

"కొత్త ట్యాక్స్ పద్ధతిల నీ జీతానికి అసలు ట్యాక్సే పడదు బిడ్డా. ఇంక దేన్ని తప్పించుకుంటవ్?"

ఫోన్ మళ్లీ మోగింది. కట్ చేశాను.

"ఇంకో పది నిమిషాలు అంకుల్," అని కళ్లు మూసుకున్నాను. గాలి ఆగలేదు.