తిరగని ఫ్యాన్ మీద మావారి పేరు

ఆ రోజు పొద్దున మావారి నోట్లోకి ఇడ్లీ ముక్క వెళ్ళలేదు. దవడ పట్టేసింది, నోరు తెరుచుకోవడం లేదన్నారు. చల్లగాలికి పడుకున్నందువల్ల అయివుంటుందిలే అని కాపడం పెట్టాను. ఒక పూట మాట్లాడకుండా ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని లోపల కాస్త సంతోషించాను కూడా. ఎందుకంటే అప్పటికి నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే ప్రసంగం, ఇన్‌కమ్ టాక్స్ మీద.

మాది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటు పనులు మొదలైన కొత్తలో మావారు విశాఖపట్నం వచ్చి, గాజువాకలో లారీల షెడ్డు పెట్టి, కాంట్రాక్టులు పట్టి బాగా సంపాదించారు. దాంతో నాకేం పేచీ లేదు. పెద్ద ఆదాయాలవాళ్ళ మీద పన్ను ఇంకా పెంచి, ఆ డబ్బు ఆసుపత్రులకు పెట్టాలని ఆ రోజుల్లో ఒక మాట వినిపించేది. ఇక చూసుకోండి, క్లబ్బులో అదే, కారులో అదే, అన్నం దగ్గరా అదే. "సర్కారు ఆసుపత్రికి నా డబ్బెందుకే? ఏనాడైనా మనం ఆ గడప తొక్కామా?" అని నన్ను నిలదీసేవారు. నేనేదో ఆర్థిక మంత్రిని అయినట్టు.

పళ్ళ డాక్టరు చూసి జ్ఞానదంతం అడ్డంగా వస్తోందన్నాడు. నోరు పుక్కిలించడానికి ఏదో రాసిచ్చాడు. మర్నాటికి మెడ బిగుసుకుంది, వీపు కర్రలా అయింది. ఊళ్ళో పేరున్న నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు దవడ నొక్కి చూసి నా వైపు తిరిగాడు.

"ఈ మధ్య ఒంటికి ఎక్కడైనా దెబ్బ తగిలిందా?"

అప్పుడు గుర్తొచ్చింది. మార్చి నెలాఖరులో షెడ్డు దగ్గర పెట్టెచెక్క మేకు చెప్పుని దాటి అరికాల్లో దిగింది. ఇంజెక్షన్ చేయించుకోండని చెవినిల్లు కట్టుకుని పోరాను. "ఆడిటరు కూర్చున్నాడు, ఇప్పుడు కుదరదు" అని ఇంత పసుపు అద్దుకుని, పన్ను ఎలా తగ్గించాలా అని ఆయనతో లెక్కల్లో పడ్డారు.

డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "టెటనస్ అమ్మా. ధనుర్వాతం. మేం చేర్చుకోం."

"డబ్బు ఎంతైనా ఇస్తామండీ."

"డబ్బు సంగతి కాదు. దానికి వేరే వార్డు కావాలి, రాత్రీ పగలూ మనుషులు కావాలి. ఏ నర్సింగ్ హోమూ అది పెట్టదు, గిట్టదు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

అలా ఆ గడప తొక్కాం. తొక్కడం కూడా కాదు, ఆయన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. దాని చక్రం ఒకటి తిరగదు. అది కీచుమన్నప్పుడల్లా ఆయన ఒళ్ళు ఎగిరి పడుతుంటే, ఆ చక్రాన్ని చేసినవాణ్ణీ, బాగు చేయించనివాణ్ణీ కలిపి తిట్టుకున్నాను.

ధనుర్వాతానికి విరుగుడు ఏటీఎస్ అట, పడుతుందో లేదో టెస్ట్ డోస్ వేసి చూసి ఇంజెక్షన్లిచ్చారు. పెన్సిలిన్, మత్తుకి కాంపోజ్, ఆహారానికి ముక్కులోంచి రైల్స్ ట్యూబ్. ఊపిరి అందకపోతే గొంతు దగ్గర కోసి ట్యూబ్ పెట్టి ట్రకియాస్టమీ చేశారు. ఇక మాటన్నది లేదు. పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. "శబ్దమైనా, వెలుగు పడినా ఫిట్స్ వస్తాయి. ఆ ఫిట్స్‌లోనే ప్రాణం పోవచ్చు. మందులు మేమిస్తాం, నిశ్శబ్దం మీరివ్వాలి."

కిటికీకి నా చీర కట్టాను. పక్క మంచం మీద పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చిన రైతు, పార తగిలి కాలు తెగిందట. ఆయన భార్య పైడమ్మ చేతిగాజులు కూడా తీసేసి కొంగున కట్టుకుంది. ఇద్దరికీ గొంతులో ట్యూబే. కళ్ళె అడ్డం పడితే సిస్టర్ పరుగున వచ్చి, కాలితో తొక్కే సక్షన్ మెషీన్‌తో లాగేది. వార్డు మొత్తానికి ఆ మెషీన్ ఒక్కటే.

ఇంతలో క్లబ్బువాళ్ళు పరామర్శకి దిగారు. సెక్రటరీ రామ్మోహన్ గారు, వెనక నలుగురు. దవడ బిగిసిన మనిషికి బుట్టెడు ఆపిల్ పళ్ళు తెచ్చారు. నేను చెయ్యి అడ్డం పెట్టి నెమ్మదిగా అంటున్నా వినరే. "చూసేవా బావా, మన టాక్సులన్నీ ఏటి సేసేరో? గోడకి సున్నం కూడా లేదు" అంటూ మంచం పక్కన నిలబడి ఉపన్యాసం మొదలెట్టాడాయన. స్టూలు మీదున్న స్టీలు గ్లాసుకి ఎవరిదో చెయ్యి తగిలి అది గచ్చు మీద పడింది.

ఇద్దరికీ ఒకేసారి ఫిట్స్ వచ్చాయి. మావారి ఒళ్ళు విల్లులా పైకి లేచింది, ట్యూబులో గురగురమంది. సిస్టర్ మెషీన్ తీసుకుని రైతు దగ్గరికి వెళ్ళింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను.

"ఆయన నీలం తిరిగిపోయాడమ్మా. ముందు ఆయనకి" అంది.

మావారి పెదాలు కూడా రంగు మారుతున్నాయి. బీరువాలో డబ్బుంది, బ్యాంకులో డబ్బుంది, గుమ్మంలో కారుంది. వాటన్నిటితో ఆ క్షణంలో ఒక్క మెషీన్ రాదు. అంత నిస్సహాయత నేనెప్పుడూ ఎరగను. రైతుకి ఊపిరి అందగానే పైడమ్మ తనే ఆ మెషీన్ ఎత్తి మా మంచం దగ్గర పెట్టింది. సిస్టర్ తొక్కింది. ఆయన ఛాతీ కదిలింది. వెనక్కి చూస్తే పరామర్శకులు ఒక్కరూ లేరు, ఆపిల్ పళ్ళున్నాయి.

మర్నాటి నుంచి పైడమ్మ గుమ్మంలో కూర్చుంది. ఎవరొచ్చినా గొంతు పెంచకుండా ఒకటే మాట. "ఏటి బాబూ ఇప్పుడు సూసీది? బతికినాక ఇంటికొచ్చి సూడండి. ఎల్లండి." మా చుట్టాల్లో ఇద్దరు దానికి ఇప్పటికీ అలిగే ఉన్నారు. ఉండనివ్వండి.

రైతు మాకంటే ముందు ఇంటికెళ్ళాడు. తర్వాత మావారి గొంతులో ట్యూబ్ తీశారు. చిల్లు మీద వేలు పెట్టుకుని ఆయన మొదట అన్నమాట ఏమిటో తెలుసా? "బిల్లెంతయింది?"

"బిల్లు లేదు" అన్నాను. "మీరు ఎగ్గొడదామనుకున్న పన్ను ఎవరో కట్టారు. దాంతో బతికారు."

మావారు గోడకేసి తిరిగారు. మారిపోయారని సంబరపడ్డాను, తొందరపడ్డాను. ఇంటికొచ్చిన నెలకి, పన్ను పెంచడం దేనికి, మనమే దానం చేద్దామన్నారు. ఇంకో సక్షన్ మెషీన్ కొనివ్వండన్నాను. మెషీన్ మూలన పడుంటుంది ఎవరికి కనబడుతుంది, సీలింగ్ ఫ్యానైతే రెక్కల మీద పేరు రాయించొచ్చు అని సెక్రటరీ గారి సలహా. ఫ్యానే ఇచ్చారు. పైగా ఆ రసీదు పన్నులో మినహాయింపుకి పనికొచ్చింది. ఫ్యాన్ వేస్తే టకటకమంటుంది, ఆ చప్పుడుకి పేషెంట్లకి ఫిట్స్ వస్తాయి. అందుకని సిస్టర్ దాన్ని వెయ్యదు. తిరగదు కాబట్టి మావారి పేరు చదవడానికి చక్కగా వీలుగా ఉంది.

ఆ సిస్టర్ జీతం మీద ఎవరూ పేరు రాయించుకోలేరు. అందుకే దానికి దాతలు దొరకరు, పన్నే కట్టాలి. కట్టింది ఆసుపత్రికే చేరుతుందని ఏమిటి నమ్మకం అంటారు మావారు. ఆ ప్రశ్న తప్పని నేననను. కట్టి అడగమంటాను.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నారు, గొంతు మీద మచ్చ మిగిలింది. ఇది చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మేకు గుచ్చుకున్నా, పార తగిలినా పసుపు అద్ది ఊరుకోకండి. గాయం కడుక్కుని ఆ రోజే వెళ్ళి టీటీ ఇంజెక్షన్ చేయించుకోండి. ఆడిటరుని కూర్చోబెట్టండి, పరవాలేదు.

మా ఆడిటరు మొన్న మార్చిలో వచ్చి, రెండు లారీల ఆదాయం చూపించకపోతే ఎంత కలిసొస్తుందో చెబుతున్నాడు. నేను కాఫీ ఇచ్చి, వెళ్ళిపోకుండా ఎదురుగా కూర్చున్నాను. మావారు నన్ను చూశారు, మచ్చ తడుముకున్నారు. "ఉన్నది ఉన్నట్టు రాసెయ్యండి" అన్నారు. తర్వాత గంటసేపు గవర్నమెంటుని పేరుపేరునా తిట్టారు.

తిట్టనివ్వండి. నోరు తెరుచుకుంటోంది కదా.