కళ్లాపి మీద గిట్ట గుర్తులు

ఆళ్లగడ్డలో ఎద్దులకూ గుర్రాలకూ లాడాలు కొట్టే సాయిబు పోయిన నెల నంద్యాలలో, కూతురింట్లో కన్నుమూశాడు. బస్సులో వచ్చినవాళ్లు చెప్పారు. దీపం ముందు కూర్చుని ఆయన కోసం నాకొచ్చిన నాలుగు మాటలు దేవుడికి చెప్పుకున్నాను. మద్రాసులో ఉన్న మా తమ్ముడికి కార్డు రాశాను. "ఏ సాయిబు?" అని జవాబు వచ్చింది.

ఏ సాయిబో ఇక్కడ రాస్తాను.

ఆయన్ను నేను మామా అనేదాన్ని. మోకాళ్ల మధ్య గిట్ట, పెదాల మధ్య మేకులు పెట్టుకుని పని చేసేవాడు. మేకులు చేతిలోకి తీసుకున్నాడంటే ఏదో చెప్పబోతున్నాడని అర్థం. గుర్రానికి ఏమైందని ఎవరడిగినా, "నన్నడిగితే ఏం తెలుస్తాది? దాన్నే అడుగుదాం" అనేవాడు.

మా తమ్ముడు ఎవరినీ, దేన్నీ అడగవలసిన అవసరం లేనివాడు. అమ్మ పోయాక నేను పెంచినవాడే. గుర్రాల మీద మోజుతో మద్రాసుకు పోయి పశువైద్యంలో చేరాడు. మొదటి సెలవుల్లోనే గుర్రం ఒంట్లోని ఎముకల పేర్లన్నీ గడగడా అప్పజెప్పాడు. గుర్రం దగ్గరికి మాత్రం పోలేదు. ప్యాంటుకు పేడ అంటుతుందట.

ఆఖరి ఏడు వేసవిలో మా బండికి కట్టే ఆడగుర్రం ముందుకాలు కుంటింది. తమ్ముడు పుస్తకం పట్టుకుని, ఆరడుగుల దూరం నుంచి చూసి, భుజంలో ఎముక చెడిందన్నాడు. రెండు వారాలు ఘాటు మందు పూయించాడు. తోలు ఊడింది, కుంటు పోలేదు.

"ఇంక లాభం లేదక్కా, కాల్పించేద్దాం. శాస్త్రం అంతే చెప్తాంది."

నేను తలూపాను. తుపాకి ఉన్నాయనకు కబురు పంపింది నేనే. ఆ తలూపుడుకు ఇప్పటికీ దేవుడి ముందు సిగ్గుపడతాను.

సంగతి విని సాయిబు పిలవకుండానే వచ్చాడు.

"పెద్దక్కా, వాకిట్లో కళ్లాపి చల్లు."

"పొద్దున్నే చల్లినా గదా మామా."

"ఆరిపోయింది. మళ్లా చల్లు, చిక్కగా."

చల్లాను. ఆ తడి మీద గుర్రాన్ని నడిపించాడు. తమ్ముడు నవ్వాడు.

"ఏందీ, కళ్లాపిలో కనపడతాదా రోగం?"

"పుస్తకంలో కనపడనప్పుడు యాడో ఒకతావ సూడాల గదా డాక్టరప్పా."

మూడు గిట్టల గుర్తులు లోతుగా పడ్డాయి. నాలుగోది కొస మాత్రమే ఆనింది. సాయిబు ఆ గిట్ట ఎత్తి, చిన్న సుత్తితో చుట్టూ తట్టాడు. ఒక్కచోట గుర్రం ఉలిక్కిపడింది. అక్కడ కత్తితో చెక్కితే నల్లటి చీము చిమ్మింది. దాని వెంట విరిగిన తుమ్మముల్లు ఒకటి.

"ఇదో, నీ భుజం," అన్నాడు తమ్ముడితో.

ఎనిమిది రోజులు వేడి ఉప్పునీళ్లు, గోనెగుడ్డ కట్టు. గుర్రం నడిచింది. నా మాట మీద చావబోయిన ప్రాణం అది. ఆ సంగతి ఆయన ఎన్నడూ నాకు గుర్తు చేయలేదు.

ఆ వైద్యాన్ని తమ్ముడు తన పేరుతోనే రాసుకుని పరీక్షకు ఇచ్చాడు. కాలేజీలో బహుమతిగా కప్పు ఇచ్చారు. సాయిబు పేరేదిరా అంటే, "చదువు రాని మనిషికి పేరెందుకక్కా?" అన్నాడు. ఇంత చదువుకు ఆ ఒక్క మాట పుట్టింది. తల వంచుకుని పోయి సాయిబుకు చెప్పాను. ఆయన మేకులు చేతిలోకి తీసుకున్నాడు.

"పోనీలే పెద్దక్కా. గుర్రం పేరన్నా రాసినాడా?"

అదీ రాయలేదు.

నిన్న తమ్ముడు వచ్చాడు. సాయిబు ఇంటివాళ్లను పలకరించడానికి కాదు, వెంట వచ్చిన ఇద్దరు స్నేహితులకు గుర్రాన్ని చూపించడానికి. "నేను బాగుచేసిన గిట్ట ఇదే" అంటూ ఎత్తబోయాడు. ఒక చేత్తో లాగాడు, రెండు చేతులతో లాగాడు, "ఎత్తవే, ఎత్తవే" అని బతిమాలాడు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. గుర్రం మెడ తిప్పి అతన్ని ఒకసారి చూసింది. ఏ కాలి కోసం తనను కాల్పించేద్దామన్నాడో ఆ కాలి మీదే బరువంతా మోపి, తోకతో ఈగలు తోలుకుంటూ నిలబడింది.