పోతురాజు సెలూన్‌లో మేనేజిమెంటు పాఠం

ఎంబీయే చదివిన త్రినాథ్ ఉద్యోగం ఊడి, రాజాం బజారులో పోతురాజు సెలూన్‌లో వాటా పెట్టాడని పుకారు. కత్తి పట్టడం కూడా నేర్చుకుంటున్నాడని దానికో తోక. ఉద్యోగం ఇంకా ఊడలేదు, ఊడడానికి సిద్ధంగా ఉంది, అంతే. అసలు సంగతి అతన్నే అడగొచ్చు. కానీ అడిగేస్తే ఇక చెప్పుకోవడానికేం మిగులుతుంది?

విశాఖపట్నంలోని ఒక సంస్థ తరపున చిన్న వ్యాపారులకు మేనేజిమెంటు నేర్పడం త్రినాథ్ పని. నెలాఖరులోగా బజారు వాళ్లు పాఠాలు పూర్తిచేయకపోతే రాజాం కేంద్రం మూసేసి అతన్ని ఇంటికి పంపేస్తారు.

మొదటి క్లాసు ఉదయం పదింటికి, ఏసీ కల్యాణమండపంలో పెట్టాడు. బోణీ కాకుండా ఏ షావుకారూ గల్లాపెట్టె దగ్గర నుంచి లేవడని, రాజాంలోనే పుట్టి పెరిగిన త్రినాథ్‌కు గుర్తు రాలేదు. చదువు అంత గట్టిగా పట్టింది. అయినా మండపం నిండింది. పిలుపందాక ఇంటి తరపున ఒకరైనా వెళ్లకపోతే మర్యాద కాదు గదా! పెళ్లికి పంపినట్టు ప్రతి కొట్టు నుంచీ ఖాళీగా ఉన్న మనిషిని పంపారు. ఇనుప సామాన్ల గంగరాజు వాళ్ల మావగారిని పంపాడు. నిర్ణయాలు తీసుకోవడం ఎలా అన్న పాఠాన్ని, ఇంట్లో ఏ కూర వండాలో కూడా చెప్పే అధికారం లేని పెద్దమనుషులంతా చల్లగా కునికిపాట్లు పడుతూ విన్నారు. భోజనాల దగ్గర మాత్రం లేచి, అప్పడాలు మెత్తబడ్డాయని తేల్చి చెప్పారు.

త్రినాథ్ గంగరాజు కొట్టుకెళ్లి మొరపెట్టుకున్నాడు.

"రావాల్సింది నువ్వు బావా, మీ మావగారు కాదు."

"మా తరపున మనిషొచ్చాడా లేదా? భోంసేసాడా లేదా? ఇంకేటి కావాల నీకు?" అన్నాడు గంగరాజు మేకులు తూస్తూ. "నాను కొట్టొదిలేసి వస్తే ఈడెవుడు సూస్తాడు? మీ ఎంబీయే సూస్తాదేటి?"

"ఆ పాఠమే బావా అది. పని ఇంకొకరికి అప్పజెప్పడం."

"అప్పజెప్పాను గదరా. నీ క్లాసు మా మావకి."

అలా కొట్టు కొట్టూ తిరిగాక త్రినాథ్‌కు ఒక సంగతి తెలిసింది. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక షావుకార్లు కొట్టు వదిలి వెళ్లేది పోతురాజు కుర్చీలోకే. గడ్డానికి మాత్రం మావగారిని పంపలేరు. మెడకు తువ్వాలు కట్టి ముఖానికి నురగ పూస్తే ఎంత వాగుడుకాయైనా నోరు మూసుకోవాల్సిందే. గొంతు దగ్గర కత్తి ఉండగా ఎవరూ ఎదురు ప్రశ్నలు వేయరు. ఇంత క్రమశిక్షణ ఏ పెద్ద కాలేజీలో ఉంటుంది? రోజంతా చెప్పాల్సిన పాఠాన్ని త్రినాథ్ ఒక గడ్డానికి సరిపడా కత్తిరించాడు. తుప్పు పట్టిన తలుపు బందుల్ని ఏళ్ల తరబడి ఎందుకు దాచావని, కుర్చీలో నురగతో ఉన్న గంగరాజును అడిగాడు. జవాబిచ్చే వీల్లేక గంగరాజు మొదటిసారి ఆలోచించాడు.

ఇంతలో పెద్దాఫీసు ఫొటోలు అడిగింది. త్రినాథ్ పంపాడు. నురగలో ఎవరి ముఖమో తెలియడం లేదు, ముఖాలు కనిపించకపోతే కేంద్రం మూసేస్తామని జవాబొచ్చింది. నురగ తుడిస్తే ముఖం కనిపిస్తుంది, నిజమే. తుడిచిన మరుక్షణం ఆ ముఖం కొట్టులో ఉంటుంది. పోనీ ముందే తీద్దామంటే, మాసిన గడ్డంతో ఫొటోకు ఒక్కడూ ఒప్పుకోలేదు. త్రినాథ్, పోతురాజు సెలూన్ తలుపు వారగా నిలబడి గుసగుసలాడింది అప్పుడే, పుకారు పుట్టిందీ అప్పుడే.

చివరికి ఎదురింటి లక్ష్మీనరసమ్మ అతని స్కూటర్‌కు అడ్డం నిలబడి అడిగేసింది.

"ఒరే త్రినాథూ, సెలూన్లో వాటా ఎట్టావంట, నిజవేనా? ఉజ్జోగం ఉన్నాదా, పోనాదా?"

"ఉన్నాది పిన్నీ. వాటా ఏటీ లేదు, పోతురాజుతో చిన్న ఒప్పందం. ఒక సెంప గీసి కత్తి కింద ఎట్టేస్తాడు. సగం గెడ్డంతో ఏ సావుకారూ బజార్లోకి ఎల్లలేడు గదా. పాఠవంతా ఇని, గీసిన పక్కనుంచి ఫొటో దిగితేనే రెండో సెంప."